ఆస్ట్రేలియా సిటిజన్‌షిప్ తీసుకున్నాను: దరఖాస్తు నుంచి ప్రమాణం దాకా

2025 సెప్టెంబర్ 17న, మెల్‌బోర్న్ పడమటి శివారులో మా కౌన్సిల్ పెట్టిన సభలో ప్రమాణం చేసి నేను ఆస్ట్రేలియా పౌరురాలినయ్యాను. నాతోపాటు మా పాప కూడా. మా ఆయన కాలేదు, అది ఆయన కావాలని తీసుకున్న నిర్ణయం. దరఖాస్తు పెట్టింది 2024 నవంబర్‌లో. ఏ ఫారం ఎలా నింపాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఈ ఎదురుచూపుల్లో మనసుకి ఏమవుతుందో, అందులోనూ బయట జనం వలసలు ఆపాలని ఊరేగింపులు తీస్తున్నప్పుడు ఏమవుతుందో చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

నిజానికి అర్హత 2023లోనే వచ్చింది. 2018లో వర్క్ వీసా మీద వచ్చాం, 2022లో పీఆర్ (శాశ్వతంగా ఉండే వీసా) అయింది. నాలుగేళ్లు చట్టబద్ధంగా ఇక్కడ ఉండి, అందులో చివరి ఏడాది పీఆర్ మీద ఉంటే చాలు. అయినా నాన్చుతూ వచ్చాను. ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఇక్కడ పౌరసత్వం వచ్చిన క్షణంలోనే, మన 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం అక్కడిది దానంతటదే పోతుంది. మనం వదులుకుంటున్నామని రాసి ఇవ్వక్కర్లేదు. ఎవరూ అడగరు కూడా. అది చదివినప్పుడల్లా లాప్‌టాప్ మూసేసి లేచిపోయేదాన్ని.

నన్ను ముందుకు తోసింది 2021 మే నెల. నాన్న కోవిడ్‌తో పోయారు. అప్పటికి నాది తాత్కాలిక వీసా, ఒకసారి దేశం దాటితే మళ్లీ ఎప్పుడు రానిస్తారో తెలియదు. తమ్ముడు ఫోన్‌లో చూపిస్తుంటే ఇక్కడి వంటగదిలో నిలబడి చూశాను. అదే నెల 3 నుంచి 15 దాకా ఇండియాలో ఉన్న తన సొంత పౌరుల్ని కూడా ఆస్ట్రేలియా వెనక్కి రానివ్వలేదు. వస్తే 66,600 డాలర్ల దాకా జరిమానా, అయిదేళ్ల దాకా జైలు అన్నారు. కాబట్టి పౌరసత్వం వస్తే అన్ని తలుపులూ తెరుచుకుంటాయన్న భ్రమ నాకు మొదటినుంచీ లేదు. లేకపోతే మాత్రం ఏ తలుపు దగ్గరా అడిగే హక్కు ఉండదని అర్థమైంది.

మా ఆయన లెక్క వేరు. ఎప్పటికైనా వెనక్కి వెళ్లి ఊళ్లో రెండెకరాలు కొనాలని ఆయన కోరిక. విదేశీ పౌరులైపోయిన మనవాళ్లకి ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చంతే. దీని మీద ఇంట్లో నెలల తరబడి మాటలు నడిచాయి. చివరికి, "నువ్వు తీసుకో, నేనిలాగే ఉంటాను. ఎవరికీ నష్టం లేదు" అన్నారు. నష్టం లేదు గానీ, ఒకే ఇంట్లో రెండు దేశాలు ఉండటం అలవాటు పడటానికి టైం పడుతుంది.

దరఖాస్తు ఆన్‌లైన్లోనే. అప్పటి ఫీజు 560 డాలర్లు, 2025 జూలై నుంచి 575 అయింది. పదహారేళ్ల లోపు పిల్లల్ని తల్లి లేదా తండ్రి దరఖాస్తులోనే చేరిస్తే వాళ్లకి ఫీజు లేదు. నాకు ఎక్కువ టైం తిన్నది పేరు. పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, డ్రైవింగ్ లైసెన్సులో అత్తింటిది. మన ఆడవాళ్లలో చాలామందికి ఇదే ఇబ్బంది. మ్యారేజ్ సర్టిఫికెట్ పెట్టి, పాత పేరూ కొత్త పేరూ రెండూ విడివిడిగా చూపించాను. రేపు సర్టిఫికెట్ మీద పడేది ఈ పేరే, పాస్‌పోర్టు దాన్నిబట్టే వస్తుంది. ఫీజు కట్టేముందు ఇక్కడ మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ఇంకొకటి, ఐడెంటిటీ డిక్లరేషన్. మనల్ని కనీసం ఏడాదిగా ఎరిగిన ఆస్ట్రేలియా పౌరులెవరైనా మన ఫొటో వెనక సంతకం పెట్టాలి. వాళ్లు టీచర్, నర్సు, ఫార్మసిస్టు లాంటి కొన్ని వృత్తుల్లో పనిచేస్తూ ఉండాలి. మా పక్కింటావిడ నర్సు. అడగ్గానే టీ పెట్టి కూర్చోబెట్టి, ఫొటో తిప్పి రాసి సంతకం పెట్టారు. ఆవిడ భర్త రిటైరైన ట్రక్ డ్రైవర్. పక్కనే నిలబడి అంతా చూసి, "నువ్వైతే ఓకే. కానీ ఇంతమందిని ఒకేసారి రానివ్వడం తప్పు" అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు కెలికింది. తర్వాత ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో కొంత నేను రోజూ చూస్తున్నదే. 2022-23లో ఈ దేశానికి వచ్చినవాళ్లలోంచి వెళ్లినవాళ్లని తీసేస్తే నికరంగా అయిదు లక్షల మందికి పైగా పెరిగారు. అద్దె ఇల్లు చూడటానికి వెళ్తే వీధి చివరిదాకా క్యూ. పొద్దున టార్నీట్ స్టేషన్లో రైలెక్కితే కాలు పెట్టే చోటుండదు, అందులో సగం మంది మనవాళ్లే. పక్కింటివాళ్ల అమ్మాయి పుట్టి పెరిగిన పేటలో ఇల్లు కొనలేక ఎక్కడో దూరానికి వెళ్లిపోయింది. ఆ బాధ నిజం. మన తెలుగువాళ్ల గెట్‌టుగెదర్లలోనూ, "ఇక స్టూడెంట్ వీసాలు తగ్గించాలి, మన పిల్లలకి ఉద్యోగాలు దొరకడం లేదు" అనేవాళ్లు ఉన్నారు. అలా అన్నవాళ్లు వచ్చి పదేళ్లు కూడా కాలేదు.

టెస్టుకి రమ్మని మార్చిలో మెయిల్ వచ్చింది, ఏప్రిల్‌కి డేట్ ఇచ్చారు. 20 ప్రశ్నలు, 45 నిమిషాలు, 75 శాతం రావాలి. అందులో ఆస్ట్రేలియా విలువల మీద 5 ప్రశ్నలుంటాయి, ఆ అయిదూ తప్పకుండా కరెక్ట్ కావాలి. ఒక్కటి పోయినా ఫెయిలే. ప్రభుత్వం ఇచ్చే పుస్తకం ఒక్కటి చదివితే సరిపోతుంది. రాత్రి భోజనాలయ్యాక మా పాప ప్రశ్నలు అడిగేది, నేను చెప్పేదాన్ని. దానికి నాకంటే ముందే అన్నీ వచ్చేశాయి. ఆ రోజు అసలు పరీక్ష పావుగంటలో అయిపోయింది. ఎక్కువసేపు పట్టింది ఒరిజినల్ కాగితాలు చూపించి, కౌంటర్ నుంచి పిలుపు కోసం కూర్చోవడానికే. స్క్రీన్ మీద పాస్ అని వెంటనే కనపడింది. నాకు సంతోషం కంటే ముందు వచ్చింది బెంగ. ఇక నాన్చడానికి సాకులు లేవు.

చరిత్ర భాగం చదువుతూ ఒక విషయం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 1901లో రాష్ట్రాలన్నీ కలిసి దేశమైన ఏడాదే వలసల్ని అడ్డుకునే చట్టం చేశారు. తెల్లవాళ్లు కానివాళ్లని ఆపడానికి డిక్టేషన్ పరీక్ష పెట్టేవాళ్లు. యాభై పదాలు, ఏదైనా ఒక యూరప్ భాషలో. వచ్చినవాడికి ఏ భాష రాదో చూసి ఆ భాషలోనే పెట్టొచ్చు. తెల్లవాళ్లకే చోటన్న ఆ విధానం పూర్తిగా పోయింది 1973లో. ఈ సంగతి పక్కింటాయనతో అంటే ఆయన నాకు తెలియనిది చెప్పారు. ఆయన తల్లిదండ్రులు 1950ల్లో మాల్టా నుంచి ఓడలో వచ్చినవాళ్లు. అంతకు చాలా ముందు, 1916లో, గాంజ్ అనే ఓడలో 214 మంది మాల్టా మనుషులు వస్తే వాళ్లకి డచ్ భాషలో డిక్టేషన్ పెట్టి దిగనివ్వకుండా న్యూ కలెడోనియాకి పంపేశారట. మాల్టా అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉంది కాబట్టి వాళ్లు బ్రిటిష్ ప్రజలే, మొదటి ప్రపంచ యుద్ధంలో మిత్రపక్షమే. అయినా కూలి రేట్లు పడిపోతాయని ఇక్కడివాళ్ల భయం. "మా నాన్నకి ఆ కథ నోటికి వచ్చు" అన్నారాయన. ఆ కథ నోటికి వచ్చిన ఇంటి మనిషే మాకు గేటు కాస్త దగ్గరకి వేయాలంటున్నారు. నేను ఎదురు చెప్పలేదు. ఆయన కూడా ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మే 3న దేశమంతటా ఎన్నికలు జరిగాయి. పీఆర్ వాళ్లకి ఓటు లేదు. పర్మనెంట్ వలసల్ని ఏడాదికి 1,85,000 నుంచి 1,40,000కి తగ్గిస్తామన్నది ప్రతిపక్షం హామీ. నా గురించి జరిగే చర్చలో నేను లేను, అంతే. కొన్నాళ్లకి అప్రూవల్ మెయిల్, జూలై చివర్లో ప్రమాణానికి పిలుపు వచ్చాయి. తేదీ సెప్టెంబర్ 17, ఇక్కడ దాన్ని సిటిజన్‌షిప్ డే అంటారు.

ఇంతలో ఆగస్టు వచ్చింది. 31వ తేదీ ఆదివారం దేశంలోని పెద్ద నగరాలన్నిటిలో వలసలకి వ్యతిరేకంగా ర్యాలీలు పెట్టారు. వాటి కరపత్రాల్లో ఇండియన్లని పేరు పెట్టి రాశారు. గ్రీకులు, ఇటాలియన్లు వందేళ్లలో వచ్చినదానికంటే ఇండియన్లు అయిదేళ్లలో ఎక్కువ వచ్చారట. ఆ వారమంతా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్: ఆదివారం సిటీ వైపు వెళ్లకండి, పిల్లల్ని ఒంటరిగా రైల్లో పంపకండి. మా పాప ఫోన్‌లో ఆ కరపత్రం చూసి, "అమ్మా, ఇండియన్స్ అంటే మనమేనా? మనం ఇంకో పదిహేడు రోజుల్లో ఆస్ట్రేలియన్స్ కదా?" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి మా ఆయనతో, ఈ ప్రమాణం వాయిదా వేయించుకుంటే ఎలా ఉంటుంది అని అన్నాను. ఆయన పేపర్ పక్కన పెట్టి, "వాళ్ల కోసం తీసుకుంటున్నావా, వాళ్ల కోసం మానేస్తావా?" అన్నారు.

ఆ ఆదివారం మెల్‌బోర్న్ పార్లమెంటు మెట్ల మీద నాజీ గుంపు నాయకుడు మాట్లాడాడు. తర్వాత ఒక గుంపు వెళ్లి కింగ్స్ డొమైన్ పార్కులో ఆదివాసీలు పెట్టుకున్న శిబిరం మీద పడి కొట్టింది. వలసలు వద్దనేవాళ్లు ఈ నేల మీద అందరికంటే ముందున్నవాళ్లని కొట్టారు. అది చూశాక నాకు ఒక గీత స్పష్టంగా కనపడింది. ఇళ్లు చాలడం లేదు, రైళ్లు చాలడం లేదు అనడం ఒకటి. నీ రక్తం వేరు, నువ్వు ఎన్నేళ్లున్నా మావాడివి కావు అనడం ఇంకొకటి. మొదటిదానికి నేను కూర్చుని మాట్లాడతాను. రెండోదానికి నా దగ్గర మాటల్లేవు.

పక్కింటాయన ఆ ర్యాలీకి వెళ్లలేదు. సోమవారం బిన్ లోపలికి తెచ్చుకుంటూ కనపడి, "నేను అన్నది అది కాదు" అన్నారు. నాకు తెలుసన్నాను.

ఇక్కడ హైదరాబాద్ సంగతి చెప్పాలి. మా నాన్న 1980ల్లో తెనాలి నుంచి ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చారు. నేను కూకట్‌పల్లిలో పుట్టి పెరిగాను, అయినా మేం సెటిలర్లమే. 1952లో ముల్కీ (స్థానికుల) ఉద్యమంలో "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్" అన్నది మాలాంటివాళ్ల తాతలనే. 1969లో తెలంగాణ ఉద్యమం అయింది, తర్వాత 2009 నుంచి మళ్లీ మొదలైంది. అప్పుడు నేను ఇంజినీరింగ్‌లో ఉన్నాను. నా బెంచీలో కూర్చునే నల్గొండ అమ్మాయి ఒకరోజు మామూలుగానే అడిగింది, "తెలంగాణ వస్తే మీరు ఉంటరా, పోతరా?" అని. నాకు ఏడుపొచ్చింది. కానీ బోగస్ ముల్కీ సర్టిఫికెట్లతో వచ్చినవాళ్లు ఉద్యోగాలు తీసేసుకుంటే, తన తాత ఇంట్లో ఖాళీగా కూర్చున్న సంగతి అదే అమ్మాయి చెప్పింది. ఆ కోపం ఊరికే పుట్టలేదు. 2014 జూన్ 2 వచ్చింది, వెళ్లింది. మేం అదే ఇంట్లో ఉన్నాం. ఆ అమ్మాయి నా పెళ్లికి రెండు రోజుల ముందే వచ్చి పందిట్లో పనంతా చేసింది. ర్యాలీ వారంలో ఆమెకి ఫోన్ చేస్తే, "అక్కడ కూడ నిన్ను పొమ్మంటున్నరా?" అని బాధపడింది. గంటసేపు మాట్లాడుకున్నాం.

సెప్టెంబర్ మొదటి వారంలో ఇంకో గొడవ. అధికారంలో ఉన్న లేబర్ పార్టీకి ఓట్లేస్తారనే ఇండియన్లని ఎక్కువగా రానిస్తున్నారన్న అర్థం వచ్చేలా ప్రతిపక్ష సెనేటర్ జసింటా నాంపిజిన్పా ప్రైస్ మాట్లాడారు. క్షమాపణ చెప్పలేదు, తమ నాయకురాలికి మద్దతు ఉందని చెప్పడానికీ ఒప్పుకోలేదు, దాంతో 10వ తేదీన షాడో మంత్రి (ఒక శాఖ మీద ప్రతిపక్షం తరఫున మాట్లాడే) పదవి పోయింది. అప్పటి ప్రతిపక్ష నాయకురాలు సుసాన్ లీ ఇండియన్ల కమ్యూనిటీకి క్షమాపణ చెప్పారు. నాకు మాత్రం ఆ వారం ఆఫీసులో లిఫ్ట్ ఎక్కాలన్నా టెన్షనే. ఎవరూ ఏమీ అనలేదు. ఏమైనా అనుకుంటున్నారేమో అన్నదే నన్ను తినేసింది.

17వ తేదీ బుధవారం. పిలుపు మెయిల్, ఫొటో ఐడీ తీసుకెళ్లాలి, గంట ముందే రమ్మన్నారు. చీర కట్టుకోవాలా వద్దా అని పొద్దున్నంతా ఆలోచించి మంగళగిరి చీరే కట్టుకున్నాను. హాల్లో వంద మందికి పైగా ఉన్నారు. మొదట ఒక ఆదివాసీ పెద్దాయన లేచి, ఈ నేలకి మిమ్మల్ని ఆహ్వానిస్తున్నాను అన్నారు. అదే ఏడాది ఏప్రిల్ 25న, యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే అంజాక్ డే నాడు, ఇదే మెల్‌బోర్న్‌లో ఇలాంటి స్వాగతం చెబుతుంటే కొందరు అరిచి గోల చేశారు. ఆ పెద్దాయన గొంతులో ఆ చేదు ఎక్కడా లేదు. ఆయనకి మమ్మల్ని రమ్మనాల్సిన అవసరమేముంది? ఆ పూట నాకు కళ్లనీళ్లు వచ్చింది ప్రమాణం దగ్గర కాదు, అక్కడే.

తర్వాత మంత్రి సందేశం చదివారు. ప్రమాణం రెండు రకాలు, దేవుడి మాట ఉన్నది, లేనిది. దేన్ని ఎంచుకున్నా ఒకటే. నాన్న ఏ పని మొదలుపెట్టినా దేవుణ్ణి తలుచుకునేవారు, నేను దేవుడి మాట ఉన్నదే చదివాను. ఈ దేశానికి, ఈ దేశ ప్రజలకు విధేయంగా ఉంటానని అందులో ఉంటుంది. ఆ ప్రజల్లో ఆగస్టు 31న ఊరేగినవాళ్లు కూడా ఉన్నారని అనుకుంటూనే చదివాను, గొంతు మాత్రం వణకలేదు. పదహారు లోపు పిల్లలు ప్రమాణం చేయక్కర్లేదు, అయినా పాప నా పక్కన నిలబడి పెదాలు కదుపుతూనే ఉంది. మేయర్ చేయి కలిపి సర్టిఫికెట్, ఒక మొక్క ఇచ్చారు. ఓటరు నమోదు ఫారం అక్కడే నింపి ఇచ్చేయొచ్చు. ఇక్కడ ఓటు వేయడం తప్పనిసరి.

అసలు చిక్కులు ఆ మర్నాటి నుంచి. పౌరసత్వం రాగానే పీఆర్ వీసా పోతుంది, ఇండియన్ పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయకూడదు. అంటే కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చేదాకా ఎక్కడికీ కదల్లేం. అక్టోబర్లో అమ్మకి మోకాలి ఆపరేషన్ అని తెలిసి కూడా నేను ప్రమాణానికి ఈ తేదీకే వెళ్లాల్సి వచ్చింది. పెద్దవాళ్లకి ఒంట్లో బాగుండని సమయమైతే ఈ ఖాళీ సంగతి ముందే లెక్కేసుకోండి. పెద్దవాళ్ల పాస్‌పోర్టు పదేళ్లకి 2025లో 412 డాలర్లు ఉండేది, పోస్టాఫీసులో ఇంటర్వ్యూ. దానికి కూడా మనల్ని ఏడాదికి పైగా ఎరిగినవాళ్లు గ్యారంటర్‌గా సంతకం పెట్టాలి. ఈసారి వృత్తితో పనిలేదు, అదే చిరునామాలో ఏడాదిగా ఓటరై ఉంటే చాలు. పక్కింటాయనే పెట్టారు. కళ్లజోడు పెట్టుకుని ఫారం మొత్తం చదివాకే పెన్ను తీశారు.

తర్వాత ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్. క్యాన్సిల్ ముద్ర వేసి వెనక్కి ఇచ్చారు, దాంతోపాటు సరెండర్ సర్టిఫికెట్. అది లేకుండా వీసా గానీ ఓసీఐ గానీ ముందుకి నడవదు. అమ్మ ఆపరేషన్‌కి నేను అందలేదు. తమ్ముడు, మరదలు చూసుకున్నారు. పౌరసత్వం మారిందని చెప్పినప్పుడు అమ్మ అడిగిన మొదటి మాట, "మీ నాన్న పొలం పాస్‌బుక్‌లో నీ పేరు తీసేస్తారా తల్లీ?" అని. వారసత్వంగా వచ్చింది కాబట్టి తీయరని చెప్పాను. "అయితే సరే" అంది. ఆ "సరే" వినేదాకా నేను ఎంత బిగబట్టుకుని ఉన్నానో నాకే తెలియదు.

ఓసీఐ ఫీజు 275 అమెరికన్ డాలర్లకి సమానమైన ఆస్ట్రేలియా డాలర్లు, సెంటర్ చార్జీలు అదనం. ఈ పథకాన్ని 2006 జనవరిలో మొదలుపెట్టింది మన హైదరాబాద్‌లోనే, ప్రవాసీ భారతీయ దివస్‌లో. నా దరఖాస్తు ఇంకా నడుస్తోంది. కార్డు వచ్చాకే టికెట్లు కొంటాం. అప్పుడు శంషాబాద్‌లో దిగితే పాప, నేను ఒక పాస్‌పోర్టుతో, మా ఆయన ఇంకో పాస్‌పోర్టుతో నిలబడతాం.

ఓటరు నమోదు అయినట్టు ఉత్తరం వచ్చింది. 2026 నవంబర్ 28న విక్టోరియా రాష్ట్ర ఎన్నికలు, నా మొదటి ఓటు. వలసల సంగతి ఫెడరల్ ప్రభుత్వానిది, రైళ్లు మాత్రం రాష్ట్రానివి. టార్నీట్‌కి ఇప్పటికీ డీజిల్ రైళ్లే. కరెంటు లైను ఎప్పుడు వేస్తారో అభ్యర్థుల్ని అడగడానికి ఇద్దరం కలిసి వెళ్దామన్నారు పక్కింటాయన. సరేనన్నాను.